మంచు మీద వేసిన నెపం

ఆ ఏడు బక్రీద్ నవంబరులో వచ్చింది. మంచు కురిసే కాలం ఇంకా రాలేదు. దేవదారు అడవికి పైనున్న బీళ్ళలో మామూలుగా డిసెంబరు సగం గడిస్తేగానీ నేల తెల్లబడదు. అందుకే పండగ దగ్గర పడుతున్నా తూదా ఇంకా పైనే ఉంది, రాళ్ళు పేర్చి కట్టిన గుడిసెలో, గొర్రెల మందతో.

మిగతా మందలన్నీ అప్పటికే ఊళ్ళకు దిగిపోయాయి. బీడు మీద మిగిలింది ఇద్దరే. తూదా, ఆమెకు కాస్త దూరంలో గుడారం వేసుకున్న ముసలి కాపరి బెన్నాసర్. ఆ పొద్దున అతను కూడా గుడారం పీకి గాడిద మీద కట్టేసి, తూదా గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా తూదా, ఇక్కడే కాపురం పెడతావా ఏంది? పద, రెండు మందలూ కలిపి తోలుకుపోదాం. ఇద్దరం ఉంటే పొద్దుగూకే లోపల అడవి దాటేస్తాం."

"హమ్మూ లారీ తెస్తానన్నాడు బాబాయ్. చూడి గొర్రెలు చానా ఉండాయి. అంత దూరం నడిపిస్తే కడుపులు ఈచుకుపోతాయి."

"మీ తమ్ముడు తెస్తానన్నాడంటే తెచ్చినట్టేలే! పోయినేడు నాకు తెస్తానన్న ఎండుగడ్డి ఇంకా వస్తానే ఉంది."

తూదా నవ్వింది. బెన్నాసర్ నవ్వలేదు. పడమటి కొండల వైపు చూశాడు. అక్కడ ఆకాశం బూడిద కలిపిన పాలలా ఉంది.

"నా మోకాళ్ళు రాత్రంతా సలిపినయ్. ఈసారి తొందరగా పడేట్టుంది."

"ఇంకా నవంబరే కదా బాబాయ్."

"అది మనకు తెలుసు. మబ్బుకు తెలియాలి కదా!" అంటూ అతను గాడిదను అదిలించాడు. గొర్రెల గంటల చప్పుడు అడవిలోకి దిగిపోయేదాకా తూదా అక్కడే నిలబడి, తర్వాత తన పనిలో పడింది. ఆమెకు భయం వేయలేదు. తమ్ముడు మాటిచ్చాడు.

తూదా అంటే వాళ్ళ భాషలో "ఇక చాలు" అని. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే విసిగిపోయిన తండ్రి ఆమెకు ఆ పేరు పెట్టాడు. పేరు పనిచేసిందనే అందరూ అనుకున్నారు, ఆమె తర్వాత హమ్మూ పుట్టాడు. తల్లి జబ్బు మనిషి కావడంతో వాణ్ణి వీపున కట్టుకుని తిరిగింది తూదాయే. వాడికి మొదటి నడకలు నేర్పింది, కుక్క కరిస్తే గాయం మీద నోరు పెట్టి పీల్చి ఉమ్మింది, వాడి పెళ్ళికి రెండు శీతాకాలాలు కూర్చుని తివాచీ నేసింది. అక్కలంతా పెళ్ళిళ్ళయి దూరాలకు వెళ్ళిపోయారు. పుట్టింట మిగిలింది ఈ ఇద్దరే.

తూదాకు కూడా పెళ్ళయింది. కనుమకు అవతలి ఊళ్ళో మిమూన్ అనే అతనికిచ్చారు. కూతురు సుకైనా పాలు మానకముందే అతనికి ఇంకో పెళ్ళి మీద మనసు పోయింది. ఊరికే వదిలేస్తే నలుగురూ తననే తిడతారనుకున్నాడో ఏమో, ఒక వారపు సంతలో, ఇటు ఊళ్ళవాళ్ళూ అటు ఊళ్ళవాళ్ళూ గుమిగూడిన చోట, "ఆ పిల్ల నా పిల్ల కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో తూదా బిడ్డను వీపున కట్టుకుని కనుమ దాటి వచ్చేసింది. వచ్చిన రోజే తండ్రి ముందు ఒట్టేసింది. ఏ సంతలో ఆ మాటన్నాడో అదే సంతలో నిలబడి, మిమూన్ తన నోటితో అబద్ధమాడానని చెప్పేదాకా, అతనున్న కప్పు కింద తను ఉండదు. ఆ ఒట్టు సంగతి ఆ కొండల్లో తెలియనివాళ్ళు లేరు.

తండ్రి పోయాక మందలో కొంత భాగం ఆమెకు వచ్చింది. కానీ ఆమె వేరు పడలేదు. తమ్ముడి గొర్రెలూ తన గొర్రెలూ కలిపే మేపింది. ఎండాకాలం పైన, శీతాకాలం కింద. జున్ను చేసి, ఉన్ని నేసి సుకైనాను చదివించింది. పిల్ల ఇప్పుడు అజ్రూ పట్నంలో కుట్టుపని చేస్తోంది. పనివాటం ఉన్న పిల్ల, మాట మెత్తన. ఎవరైనా సంబంధం మాటెత్తితే తూదా, "దాని మనసుకు నచ్చినవాడెవడో అదే చెప్పనీ" అనేది. జవాద్ అనే కుర్రాడి పేరు సుకైనా ఎండాకాలంలోనే ఒకసారి సిగ్గుపడుతూ చెప్పింది. తూదా సరేనంది. పండగ కాగానే మాట్లాడదాం అనుకుంది.

గుడిసె దగ్గర ఫోను పనిచేయదు. కొంచెం పైకెక్కి ఒక బండ మీద నిలబడాలి. బెన్నాసర్ వెళ్ళిన సాయంత్రం తూదా ఆ బండెక్కి తమ్ముడికి ఫోను చేసింది.

"అక్కా! గడ్డి ఇంకా మోకాలెత్తు ఉందన్నావు కదా. తిననీ. పండగ ముందురోజు పొద్దున్నే లారీ నీ గుడిసె ముందుంటది."

"మబ్బు పట్టిందిరా. బెన్నాసర్ బాబాయ్ కూడా పోయాడు."

"ఆ ముసలాయనకు ఎండలో కూడా మంచే కనబడతది. నువ్వు రాకుండా మేం పొట్టేలు కోస్తామా? కార్జం కాల్చి మొదటి ముక్క నీ నోట్లోనే పెడతా. సరేనా?"

"సరేలేరా, వాగింది చాలు. సుకైనా వచ్చిందా?"

"వచ్చింది. వాళ్ళ అత్తతో రొట్టెలు చేస్తా ఉంది. నువ్వేం దిగులు పెట్టుకోబాక."

పండగ ముందురోజు పొద్దున్నే తూదా సామాను కట్టేసింది. చాపలు చుట్టి, టీ కెటిల్‌ను ఉన్నిలో చుట్టి, జున్ను గడ్డలను గుడ్డలో వేసి తలుపు పక్కన పెట్టింది. మందను దొడ్లోనే ఉంచింది, లారీ వస్తే ఎక్కించడం తేలికని. ఎండ వచ్చింది, పోయింది. లారీ రాలేదు. మధ్యాహ్నం దాటాక గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. కుక్క లేచి, ఒళ్ళు విదిలించి, గుడిసెలోకొచ్చి మూలన ముడుచుకుంది. ఎప్పుడూ లోపలికి రాని కుక్క అది. తూదా బయటికి వచ్చి చూసేసరికి మొదటి మంచు పలుకులు పడుతున్నాయి. సన్నవి కావు. కోడి ఈకలంతేసి.

చూస్తుండగానే బీడు కనబడకుండా పోయింది. ఎదుటి కొండ పోయింది, తర్వాత దేవదార్లు పోయాయి, చివరికి దొడ్డిగోడ కూడా తెల్లటి దిబ్బలా మిగిలింది. తూదా గొంగడి కప్పుకుని, పడుతూ లేస్తూ బండెక్కింది.

"హమ్మూ! ఎక్కడున్నావురా?"

"అక్కా, దారి మూసేశారంట. కనుమ కాడ గేటు దించేశారు, లారీని రానియ్యట్లేదు. నేనేం చెయ్యను చెప్పు? దేవుడు పంపిన మంచు ఇది."

"పొద్దున్నే వస్తానన్నావు కదరా. పొద్దున్న మంచు లేదు కదా."

"టైరు పోయిందక్కా పొద్దున. అది వేయించుకునే లోపల ఇట్టా అయింది."

అతని వెనకాల ఎవరో నవ్వుతున్నారు. ఆడవాళ్ళెవరో నాలుకలాడిస్తూ ఊళలు వేశారు, పెళ్ళిళ్ళలో వేసినట్టు.

"ఆ చప్పుడేంది?"

"పక్కింటోళ్ళు. పండగ కదక్కా. ఇదిగో, సుకైనా మాట్లాడతదంట."

తర్వాత కూతురి గొంతు, ఏడ్చినట్టు బరువుగా.

"అమ్మా, నువ్వు బాగున్నావా?"

"బాగున్నాలే. పిచ్చిదానా, ఏడుస్తున్నావా?"

"లేదు. అమ్మా, నువ్వు దిగడానికి చూడొద్దు. మంచు తగ్గేదాకా అక్కడే ఉండు. ఒట్టెయ్యి."

"సరేనే. నా వాటా మాంసం దాచిపెట్టు."

తూదా బండ దిగుతూ నవ్వుకుంది. అంత చలిలోనూ కడుపులో వెచ్చగా అనిపించింది. తన కోసం బెంగపడే మనిషి ఒకరున్నారు.

బక్రీద్ పొద్దున ఆమె మంచుతోనే చేతులు కడుక్కుని, గుడిసెలోనే నమాజు చేసుకుంది. బార్లీ జావ కాచుకుని, కాస్త వెన్న వేసుకుని తాగింది. కింద ఊళ్ళో ఈపాటికి ప్రతి వాకిట్లో పొగ లేస్తుంటుంది, పిల్లలు కొమ్ముల కోసం కొట్టుకుంటుంటారు. ఇక్కడ దొడ్లో రెండు ముసలి గొర్రెలు మంచు కింద చచ్చి ఉన్నాయి. ఒక చూడిది నెలలు నిండకుండానే ఈని, పిల్లను కనీసం నాకకుండా ముఖం తిప్పుకుంది. తూదా ఆ పిల్లను రొమ్ముకు హత్తుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. మధ్యాహ్నానికి అది కూడా పోయింది. రోజంతా మంచు ఆగుతూ పడుతూనే ఉంది. గుడిసెలో ఉన్న కాస్త ఎండుగడ్డినీ గుప్పెడు గుప్పెడుగా పంచేసింది. పండగ రోజున నోరులేని జీవాలను ఆకలికి అరిపించాల్సి వచ్చినందుకు ఆమెకు ఏడుపొచ్చింది. అయినా తమ్ముణ్ణి తిట్టుకోలేదు. మంచును తిట్టుకుంది.

మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం విచ్చుకుంది. కళ్ళు చెదిరే ఎండ. తూదా ఆలోచించింది. ఇక్కడే ఉంటే ఇంకో రెండు రోజుల్లో మంద సగమైపోతుంది. కూతురికి ఒట్టయితే వేసింది. కానీ ఎండకు మంచు కరిగి, రాత్రికి గడ్డకట్టి గాజులా మారితే గొర్రె కాలు నిలవదు. దిగితే ఇప్పుడే దిగాలి. ఫోను అప్పటికే చచ్చిపోయింది. చెప్పడానికి దారి లేదు. కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకుని, మెడలో గంట కట్టిన పెద్ద గొర్రెను ముందు పెట్టుకుని బయల్దేరింది.

ముందు తను నడిచి మంచు తొక్కేది. వెనక్కి వచ్చి గంట గొర్రెను ఆ తొక్కుడు దారిలోకి నెట్టేది. అది నడిస్తే మిగతావి వరసలో వచ్చేవి. మళ్ళీ ముందుకు. అట్లా ఒకే దారిని రెండేసి మూడేసి సార్లు నడిచింది. మొలదాకా దిగబడిన చోట్ల చేతులతో మంచు తోడింది. ఒక వాగు మలుపులో పైపొర పగిలి, నాలుగు గొర్రెలు ఒకదాని మీద ఒకటి లోయలోకి జారిపోయాయి. కుక్క అంచున నిలబడి మొరుగుతూనే ఉంది. తూదా కిందికి చూసింది. చేసేదేం లేదు. "పదండమ్మా, పదండి" అని మిగతావాటిని తోలింది.

అడవి మొదట్లో, రోడ్డు తగిలే చోట, అడవి కావలి బూజెమా ఉండే చిన్న ఇల్లుంది. మందను చూసి బూజెమా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"తూదా! నువ్వా? పైనుంచా? ఈ మంచులోనా?"

"నేనే అన్నా. దయ్యాన్ని కాదు. గ్లాసు టీ పొయ్యి."

బూజెమా ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేళ్ళు రుద్దుకోవడానికి గోరువెచ్చని నీళ్ళిచ్చి, గ్లాసు నిండా తియ్యటి పుదీనా టీ పోశాడు. కానీ అతని ముఖంలో అయోమయం పోలేదు.

"ఒకటడుగుతా, ఏమనుకోబాక. నువ్వు పోయిన వారమే దిగిపోయావు కదా?"

"ఎవరన్నారు?"

"మీ తమ్ముడే. పండగ ముందురోజు పొద్దున లారీ వేసుకుని ఇటు పోతుంటే నేనే ఆపి అడిగినా. 'పైన మీ అక్క ఉండాలే, మబ్బు చూస్తే బాగాలేదు, తీసుకొస్తున్నావా' అన్నా. 'అక్క వారం కిందటే దిగిపోయింది, పైన ఎవరూ లేరు' అన్నాడు. అందుకే నేను కూడా పైకి రాలేదు తూదా. ఉన్నావని తెలిస్తే నిన్ననే గాడిదనేసుకుని వచ్చేవాణ్ణి కదా!"

తూదా గ్లాసు కింద పెట్టింది. టీ ఒలికింది.

"లారీ ఇటు వచ్చిందా? పొద్దున?"

"వచ్చింది. ఇక్కణ్ణుంచి కనుమ దాటి అటు పోయింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. అప్పటికింకా మంచు మొదలవలేదు."

"టైరు పోయిందన్నాడు."

అనకూడనిది అన్నానేమోనన్న భయం బూజెమా కళ్ళలో కనబడింది.

"గేటు దించారన్నాడు."

"దించారు. సాయంత్రం దించారు. అంతా అయిపోయాక."

"తిరిగొచ్చేటప్పుడు లారీలో ఎవరున్నారన్నా?"

అతను పొయ్యిలో కట్టె సర్దాడు. సర్దాల్సినంత చెదిరి లేదు అది.

"నన్నెందుకు అడుగుతావు తూదా. ఇంటికెళ్తావు కదా."

"ఎవరున్నారు?"

"మిమూన్. ముందు సీట్లో. తెల్ల జుబ్బా వేసుకుని, తలపాగా చుట్టుకుని. వెనకాల చక్కెర దిమ్మలూ, తివాచీలూ. మీ ఇంట్లో నిశ్చితార్థం అన్నాడు మీ తమ్ముడు. నేను మంచిదేలే అనుకున్నా. మీరు మీరు కలిసిపోయారనుకున్నా."

కాళ్ళ కింద నేల జారడం అంటే ఏమిటో పొద్దున్నుంచీ తూదాకు తెలుస్తూనే ఉంది. కానీ ఇది వేరు. లారీ ఆగిన ఈ చోటి నుంచి ఆమె గుడిసెకు బండి బాట ఉంది. అప్పుడు మంచు లేదు. తమ్ముడు చక్రం ఇటు తిప్పి ఉంటే సరిపోయేది. తిప్పలేదు సరికదా, ఆమె పైన లేనే లేదని చెప్పాడు. మంచు పడ్డాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఒక మనిషి పైన ఉందని తెలిసిన ఒక్కడూ నోరు మూసుకుని పండగ మాంసం తిన్నాడు.

ఒక్కడేనా? ఫోనులో కూతురి గొంతు గుర్తొచ్చింది. దిగడానికి చూడొద్దు. ఒట్టెయ్యి.

తూదా లేచింది. బూజెమా ఎంత చెప్పినా ఆగలేదు. "మందను చూస్తూ ఉండన్నా" అని మాత్రం అంది. రోడ్డు మీద మంచు తీసేశారు. ఆమె ఒక్కతే నడిచింది, కుక్క వెంట వచ్చింది.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి వాకిట్లో మంచును పారలతో తీసి గోడవార కుప్పపోశారు. లారీ అక్కడే ఉంది, నాలుగు టైర్లూ నిక్షేపంగా. వంటింటి వైపు మరదలు ఇట్టో పెద్ద పళ్ళెంతో వస్తూ తూదాను చూసి బిగుసుకుపోయింది.

"వదినా! నువ్వు... ఎట్టా వచ్చావు?"

"కాళ్ళతో."

"కాస్త ఇటు రా వదినా, తడిసిపోయావు, బట్టలు మార్చుకుందువు గానీ. లోపల మగవాళ్ళున్నారు..."

తూదా ఆమెను తప్పించుకుని పెద్ద గది గుమ్మంలో నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. ఒట్టు అప్పుడు కూడా గుర్తుంది.

గది నిండా జనం. తను నేసిన తివాచీల మీద కూర్చున్నారు. ఒక వైపు జవాద్, అతని తండ్రి, మేనమామలు. మధ్యలో చక్కెర దిమ్మలు, ఖర్జూరాల పళ్ళెం, పాల గిన్నె. గోడకు ఆనుకుని దిండ్ల మీద, ఇంటి పెద్ద కూర్చునే చోట మిమూన్. గడ్డం నెరిసింది. పక్కన హమ్మూ టీ పోస్తున్నాడు. తూదాను చూసి అతని చేయి ఆగలేదు, గ్లాసు నిండి పళ్ళెంలోకి కారిపోతూనే ఉంది.

"ఎవరి నిశ్చితార్థమిది?" అంది తూదా.

తలలన్నీ మిమూన్ వైపు తిరిగాయి.

"మిమూన్, నిన్నే. ఎవరి పిల్లది?"

మిమూన్ గొంతు సవరించుకున్నాడు. "నా కూతురిది. సంతోషమైన రోజు, కూర్చో తూదా."

"నీ కూతురా? సంతలో కాదన్నావు కదా."

"పాత సంగతులు ఇప్పుడెందుకు? ఫాతిహా చదివి మాట ఖాయం చేసేశాం."

"పాతదైతే ఒక్క మాటలో తీసెయ్యి. వీళ్ళందరి ముందూ అను. ఆ రోజు నేను అబద్ధమాడాను, ఈమె ఏ తప్పూ చెయ్యలేదు, అను. సంత దాకా కూడా రావద్దు. నీకు నేనిచ్చే పండగ కానుక అనుకో. ఇక్కడే అను, చాలు."

మిమూన్ చుట్టూ చూశాడు. జవాద్ తండ్రి తల దించుకుని ఖర్జూరం గింజను వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. మిమూన్ నవ్వాడు. "చలికి తల తిరిగినట్టుంది పాపం. హమ్మూ, మీ అక్కను పొయ్యి దగ్గర కూర్చోబెట్టు."

హమ్మూ లేచి వచ్చాడు. గొంతు తగ్గించి, "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంటి పరువు. మంచు వల్ల రాలేకపోయావని ఈ వచ్చినోళ్ళకు చెప్పాను. మంచు వల్లే కదా?" అన్నాడు.

"మంచు వల్లా? బూజెమాతో ఏం చెప్పావురా? నేను పైన లేనన్నావే. చచ్చిపోతే ఏం చెప్పేవాడివి?"

"అట్టా పడతదని నాకేం తెలుసు? నవంబరు కదా!"

"పడ్డాక తెలిసింది కదరా."

అప్పుడు వెనక నుంచి ఎవరో ఆమెను మోచేత్తో తట్టారు. సుకైనా. కొత్త బట్టలు, చేతుల నిండా తడి ఆరని గోరింట. ఆ చేతులు తగలకుండా మోచేతులతో తల్లిని చుట్టేసి, "అమ్మా, రా. దయచేసి రా. వాళ్ళ ముందు నా పరువు తియ్యకు" అంది.

తూదా గుమ్మం వదిలి కూతురి వెంట నడిచింది. ఆ ఒక్క మనిషి తన పక్కన నిలబడుతుందని ఆ గుమ్మంలో నిలబడ్డంతసేపూ లోపల ఎక్కడో అనుకుంటూనే ఉంది.

పెరట్లో విడిగా ఉన్న ఉన్ని కొట్టంలో తల్లీ కూతుళ్ళు ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు.

"మావయ్యది తప్పు కాదమ్మా. నేనే అడిగా. జవాద్ వాళ్ళ నాన్న, పిల్ల తండ్రి ఎవరో వచ్చి కూర్చుంటేనే మాట కలుపుతాం అన్నాడు. నువ్వుంటే ఆయన రాడు. ఆయనుంటే నువ్వు ఉండవు. నేనేం చెయ్యాలి?"

"నాకు చెప్పాలి."

"చెప్తే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేదో లేదో తూదాకే తెలియదు.

"ఇన్నేళ్ళూ నువ్వు కోరుకుంది ఇదే కదమ్మా. నలుగురిలో ఆయన 'నా కూతురు' అన్నాడు. నా చెవులతో విన్నా. నీ మీద పడ్డ మాట పోయినట్టే కదా!"

"నీ మీద పడ్డది పోయింది. నా మీదది పోలేదు. నేను లేని చోట అన్నాడు, నేను వచ్చి అడిగితే అనలేదు. చూశావు కదా."

సుకైనా కళ్ళు తుడుచుకోబోయి, గోరింట గుర్తొచ్చి ఆగింది.

"మంచు పడతదని నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు."

"ఫోనులో మాట్లాడినప్పుడు తెలుసు కదే. మంచు పడతానే ఉంది. నీ పక్కన లారీ ఉంది, మావయ్య ఉన్నాడు, ఊళ్ళో ఇంతమంది మగాళ్ళున్నారు. 'మా అమ్మ పైన ఉంది, ఎవరన్నా వెళ్ళండి' అని ఒక్క కేక వేశావా?"

సుకైనా తలుపు వైపు చూసింది.

"నన్ను ఒట్టెయ్యమన్నావు. నువ్వు నా కోసం బెంగపడ్డావనుకున్నా. నవ్వుకుంటా దిగానే ఆ బండ మీద నుంచి."

పెద్ద గదిలో ఎవరో మళ్ళీ మాటలు మొదలుపెట్టారు. టీ గ్లాసుల చప్పుడు వినబడింది. పండగ మళ్ళీ దారిన పడుతోంది. ఇట్టో తలుపు సందులోంచి ఒక పళ్ళెం లోపలికి తోసింది, కాల్చిన కార్జం, రొట్టె. తూదా ఆ పళ్ళెం వంక కూడా చూడకుండా పెరటి దారిన బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆమె బెన్నాసర్ ఇంటికి వెళ్ళింది. "లారీ పోతుంటే చూసి, నిన్ను తెచ్చేసుంటాడనుకున్నా తల్లీ" అన్నాడు ముసలాయన, అంతకుమించి ఏమీ అడగలేదు. అతని భార్య అడగబోతే కళ్ళతోనే వద్దన్నాడు. మర్నాడు అతనే ఆమె వెంట బూజెమా దగ్గరికి వచ్చాడు. అక్కడే, రోడ్డు పక్కన, తూదా మందను విడదీసింది. చెవి గాటు చూసి తనవి ఒక వైపు, తమ్ముడివి ఒక వైపు. లోయలో పడ్డవి, పైన చచ్చినవి ఎక్కువగా ఆమెవే. ఆ మాట బెన్నాసర్ పైకి అన్నాడు. తూదా అనలేదు. హమ్మూ గొర్రెలను రోడ్డు మీద వదిలేసి, "వచ్చి తోలుకుపొమ్మని చెప్పు" అని బూజెమాకు చెప్పి, తనవాటిని బెన్నాసర్ దొడ్డికి తోలుకొచ్చేసింది.

ఊళ్ళో ఆ శీతాకాలమంతా ఒకటే మాట. మంచు తొందరపడిందనీ, పాపం హమ్మూ ఏం చేస్తాడనీ, లారీ దారిలో చిక్కుకుపోయిందనీ. హమ్మూ చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మినట్టున్నాడు. ఒకసారి బావి దగ్గర ఎదురుపడి, "ఆ మంచు మన ఇల్లు కూల్చిందక్కా" అన్నాడు, కళ్ళలో నిజంగానే నీళ్ళు పెట్టుకుని. తూదా కుండ ఎత్తుకుని అతని పక్కగా నడిచిపోయింది. చిన్నప్పుడు వీపున మోసిన ఆ మనిషితో ఆమె మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

వసంతంలో గొర్రెలు ఈనుతున్న రోజుల్లో సుకైనా వచ్చింది. దొడ్డిగోడ అవతల చాలాసేపు నిలబడింది. తూదా చేతులు కడుక్కుని వచ్చి, "నిలబడతావెందుకు, రా" అంది. టీ పోసింది. రొట్టె విరిచి ముందు పెట్టింది.

"ఆయన దగ్గరికెళ్ళా అమ్మా. సంతకు వచ్చి ఆ మాట చెప్పమని అడిగా."

"అడిగావా?"

"అడిగా. 'నాన్న కావాలన్నావు, వచ్చి కూర్చున్నాను, ఇంకా ఏం కావాలి' అన్నాడు." సుకైనా గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "ఇంకా ఏం కావాలో చెప్తే ఆయనకు అర్థం కాలేదు. నాకు కూడా ఆలస్యంగా అర్థమైంది."

వెళ్ళేటప్పుడు తూదా కూతురికి రెండు జున్ను గడ్డలు కట్టిచ్చింది. అంతవరకే.

పెళ్ళి ఎండాకాలంలో, హమ్మూ ఇంట్లోనే జరిగింది. ముందురోజు సుకైనా బెన్నాసర్ ఇంటికి వచ్చి తల్లి ముందు చతికిలబడింది. జడ వెయ్యమంది. తూదా నూనె రాసి, చిక్కు తీసి, పాయలు విడదీసి, తన తల్లి తనకు అల్లినట్టు అల్లడం మొదలుపెట్టింది. సగం జడ అయ్యాక సుకైనా వెనక్కి తిరగబోయింది.

"నా మీద కోపం పోయిందా అమ్మా?"

"తల తిప్పకు" అంది తూదా. "జడ వదులవుతుంది."

జడ పూర్తయింది. కూతురి నుదురు ముద్దుపెట్టుకుంది. పెళ్ళివాళ్ళు రాకముందే, మిమూన్ ఊళ్ళో అడుగుపెట్టకముందే, గొర్రెలను తోలుకుని పై బీళ్ళకు బయల్దేరింది. అడవి దాటేదాకా కింది నుంచి డప్పుల మోత వినబడుతూనే ఉంది. ఆమె ఆగి వినలేదు, అలాగని తొందరగానూ నడవలేదు. మందలో ఈసారి కుంటిది ఒకటుంది, దాని నడకను బట్టే ఎక్కింది.